ప్రవాసమున వెలసిన సత్యాన్వేషి

అపరాధ పరిశోధక నవల ప్రతి భాషయందును ఎక్కువగా చదువబడునది, తక్కువగా గౌరవింపబడునది. రైలు ఎక్కునప్పుడు కొని, దిగునప్పటికి ముగించి, ప్రక్కవాని చేతిలో పెట్టిపోవు పుస్తకమని దానికి పేరు. సాహిత్య చరిత్రలు వ్రాయు పండితులు దానిని వాకిటనే నిలిపి పలుకరింతురు గాని లోనికి పిలిచి పీట వేయరు. ఇట్టి రచనను చేపట్టి, అయినను తన భాషలోని ఉత్తమ గద్య రచయితల పంక్తిలో కూర్చున్నవాడు శరదిందు బందోపాధ్యాయ. అంతకంటె విశేషమేమనగా, బంగాళీ పాఠకులు తమ కలకత్తా నగరమునకు అద్దమని భావించు కథలను సృష్టించిన ఆ రచయిత తన జీవితమున అధిక భాగమును వంగదేశమునకు వెలుపలనే గడపినాడు. జౌన్‌పూరులో పుట్టి, ముంగేరులో పెరిగి, బొంబాయిలో జీవిక వెదకికొని, పూనాలో స్థిరపడినాడు. పుట్టుభాష వినబడని ఊళ్ళలో బ్రతుకువాడు ఆ భాషలో ఏపాటి పని చేయగలడన్న ప్రశ్నకు ఆయన రచనా జీవితమే ఒక సమాధానము.

శరదిందు 1899 మార్చి 30వ తేదీన నాటి సంయుక్త రాష్ట్రములలోని జౌన్‌పూరున జన్మించెను. ఆయన తండ్రి తారాభూషణ బందోపాధ్యాయ న్యాయవాది. వంశమూలము కలకత్తాకు ఉత్తరమున నున్న బరానగరమైనను, కుటుంబము గంగాతీరమందలి ముంగేరులో నిలిచినది. ఆనాడు ఉత్తర హిందూస్థానపు పట్టణములలో ఇట్టి బంగాళీ కుటుంబములు కొల్లలు. వకీళ్ళు, వైద్యులు, ఉపాధ్యాయులు, రైల్వే గుమాస్తాలు, సర్కారు ఉద్యోగులు తమ భాషను మూటగట్టుకొని వలస వెళ్ళిరి. 1901లో రామానంద చటోపాధ్యాయ అలహాబాదునుండి ఒక బంగాళీ మాసపత్రికను వెలువరించుచు దానికి 'ప్రవాసి' అని పేరు పెట్టుటయే ఆ సమాజపు స్థితిని తెలుపుచున్నది.

ముంగేరు విషయమున మరియొక చిత్రమున్నది. శరదిందు బాలుడుగా నున్నప్పుడు ఆ పట్టణము వంగ రాష్ట్రములోనిదే. 1912లో బీహారు, ఒరిస్సాలను వేరు రాష్ట్రముగా విభజించినప్పుడు అది బీహారునకు పోయినది. ఇల్లు కదలలేదు, గంగ కదలలేదు. ఇంటివారు మాత్రము తెల్లవారునప్పటికి పరరాష్ట్రవాసులైరి. 1953, 1956, 2014 సంవత్సరములను చూచిన తెలుగువారికి ఈ అనుభవమును విడమరచి చెప్పవలసిన పని లేదు.

శరదిందు 1915లో ప్రవేశపరీక్ష నెగ్గి కలకత్తా విద్యాసాగర కళాశాలలో చేరెను. ఆ విద్యార్థి దశయే ఆయనకు కలకత్తాతో ఏర్పడిన గాఢమైన పరిచయము. వీథులు, విద్యార్థులును చిరుద్యోగులును అద్దెకుండు మెస్సులు, ట్రాము మార్గములు, పుస్తకాల అంగళ్ళు, ఆయన కంట పడినవన్నియు ఆ కొలది యేండ్లలో పడినవే. 1919లో 'యౌవన స్మృతి' అను పద్య సంపుటి వెలువడినది. అపరాధ పరిశోధక రచయితగా ప్రసిద్ధి కెక్కబోవువాడు కవిగా అడుగుపెట్టుట గమనింపదగినది. పిదప పట్నాలో న్యాయశాస్త్రము చదివి 1926లో ముగించి తండ్రితోపాటు వకాలతు చేసెను. ఆ వృత్తి ఆయనను మూడేండ్లు మాత్రమే పట్టి యుంచగలిగినది. 1929లో దానిని విడిచి రచననే వృత్తిగా స్వీకరించెను. అయినను న్యాయస్థానము ఆయనను పూర్తిగా విడువలేదు. సాక్షి చెప్పినదానికిని, సాక్షి చూచినదానికిని నడుమనుండు ఎడమును కొలుచు అలవాటు ఆ మూడేండ్ల ఫలమే అనవచ్చును.

బంగాళీలో నేరకథలకు అప్పటికే పూర్వచరిత్ర కలదు. పోలీసు దారోగాగా పనిచేసిన ప్రియనాథ ముఖోపాధ్యాయ 1892 మొదలుగా 'దారోగార్ దప్తర్' అను పేర తన ఉద్యోగానుభవములను కథలుగా ప్రకటించెను. పాంచకడీ దే నవలలు విరివిగా అమ్ముడుపోయినవి. ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దులలో అవి తెలుగులోనికి కూడ దిగుమతియై మన పల్లెలలో దీపపు వెలుగున చదువబడినవి. అయితే వీనిలో పెక్కింటికి ఊపిరి పడమటిది. లండను మంచు, మారువేషములు, సొరంగములు, తుపాకి మ్రోతలు బంగాళీ పేర్లు తొడిగికొని వచ్చెడివి. చదువువాడు అబ్బురపడును గాని, ఇది మా వీథిలో జరిగినదని నమ్మడు. శరదిందు చేసిన మొదటి పని ఈ అపనమ్మకమును పోగొట్టుట.

1932లో ఆయన వ్రాసిన 'పథేర్ కాంటా', అనగా 'దారిలో ముల్లు', ఇందుకు చక్కని ఉదాహరణము. కలకత్తా నడివీథిలో పట్టపగలు దారి దాటుచున్న మనుష్యులు ఒక్కొక్కరే కుప్పకూలుచున్నారు. వారి గుండెలలో దొరకుచున్నది గ్రామఫోను ముల్లు! తుపాకి మ్రోత విన్నవాడు లేడు, కాల్చినవానిని చూచినవాడు లేడు. మరియొక వంక ఒక వార్తాపత్రికలో, దారిలోని ముల్లును తొలగించుకొనదలచినవారు ఫలానా అంగడివద్ద దీపస్తంభము ప్రక్కన నిలువవలెనని వారము వారము ఒక చిన్న ప్రకటన వచ్చుచున్నది. ఈ రెండింటిని కలుపు సూత్రము ఏదియో విలాయతీ యంత్రము కాదు. నగరవాసులు దినమునకు నూరుమార్లు వినుచు, విన్నట్లు కూడ గుర్తుంచుకొనని ఒక వీథి చప్పుడు. గ్రామఫోను, పత్రికా ప్రకటన, రద్దీ వీథి అన్నియు ఆనాటి మధ్యతరగతి సంసారములోని సామగ్రియే. రచయిత కొత్త వస్తువును తేలేదు. అందరి కంట పడుచున్న వస్తువునే అనుమానముతో చూచుట నేర్పినాడు.

మొదటి కథ వ్రాయునప్పుడు ఇది కథల వరుస యగునని ఆయనకు తోచలేదు. అదే యేట 'సీమంత హీరా' అను రెండవ కథ వ్రాసినపిదప ఈ పాత్రను నిలుపవచ్చునను ఆలోచన కలిగినది. అప్పుడు వెనుకకు పోయి, కథానాయకుడు ఎవడు, అతని కథలు చెప్పు మిత్రుడు అతనిని ఎట్లు కలిసికొనెను అను సంగతిని 'సత్యాన్వేషి' అను మూడవ కథగా నిర్మించెను. అందుచేత రచనాక్రమమున మూడవది పఠనక్రమమున మొదటిదైనది. ఇంటికి ముందు గదులు కట్టి, పిదప సింహద్వారము నిలిపినట్లున్నది ఈ పద్ధతి. నేటి పాఠకుడు ఆ ద్వారముననే లోనికి పోవుచున్నాడు; అతుకు మాత్రము కానరాదు.

ఆ నాయకుడే బ్యోమకేశ్ బక్షి. బంగాళీవారి నోట బ్యోమకేశ్ అయినవాడు మనకు వ్యోమకేశుడు, అనగా సాక్షాత్తు శివుని పేరు కలవాడు. అతనికి 'డిటెక్టివ్' అను మాట గిట్టదు. 'గోయెందా' అను పదము అంతకంటె గిట్టదు. తన్ను తాను సత్యాన్వేషి అని చెప్పుకొనును. ఇది పేరులోని సొగసు మాత్రమే కాదు. పోలీసువాడు నేరస్థుని వెదకును, వకీలు గెలుపును వెదకును. ఇతడు జరిగినదేమో తెలిసికొనగోరును. తెలిసిన సత్యమును న్యాయస్థానమున కప్పగింపవలెనా వద్దా అనునది అతనికి వేరు ప్రశ్న. నల్లకోటు విడిచిన రచయిత మాత్రమే ఈ రెండు ప్రశ్నలను ఇంత స్పష్టముగా విడదీయగలడు.

బ్యోమకేశుని పుట్టుపూర్వోత్తరములను కూడ శరదిందు శ్రద్ధతో అమర్చినాడు. తండ్రి బడిలో గణితోపాధ్యాయుడు, ఇంటివద్ద సాంఖ్య దర్శనము చదువుకొనువాడు. తల్లి వైష్ణవ కుటుంబపు ఆడపడుచు. పదునేడేండ్ల ప్రాయముననే ఇరువురును పోగా, విద్యార్థి వేతనముతో చదువు సాగించిన అనాథ యతడు. తండ్రివలన తర్కము, తల్లివలన దయ సంక్రమించినవని రచయిత ఎక్కడను ఉపన్యసింపడు. కథలు చదువగా మనకే తెలియును. ఇంగ్లీషు కథలలోని షెర్లాక్ హోమ్స్ సంసారము లేని ఏకాకి. బ్యోమకేశునకు హారిసన్ రోడ్డులో అద్దె యిల్లు, టీ కాచి యిచ్చు పుంటీరాం అను పనివాడు, కథలు వ్రాయు అజిత్ అను స్నేహితుడు ఉన్నారు. 'అర్థమనర్థం' కథలో హత్యానేరము మోపబడిన అన్నను కాపాడుకొనగోరు సత్యవతి అను యువతి తారసపడును. ఆమెయే పిమ్మట అతని యిల్లాలు. ఈ కథకు శీర్షిక భజగోవింద స్తోత్రమునుండి వచ్చినది. సత్యాన్వేషికి దొరకిన భార్యకు సత్యవతి యని పేరు పెట్టుట రచయిత చిలిపితనము.

1936 నాటికి పది కథలు పూర్తియైనవి. పదవదానిలో బ్యోమకేశుడు రచయిత పెరిగిన ముంగేరునకే పోయి, శరదిందు దయ్యపు కథలలోని వరదాబాబును కలిసికొనును. అంతట కథలు నిలిచిపోయినవి. పరిశోధకునకు పెండ్లి యైనది, గృహస్థుడైనవానిని పాఠకులు ఆదరింపరని తనకు తోచినట్లు ఆయనే తరువాత చెప్పియుండెను. 1938లో బాంబే టాకీస్ అధిపతి హిమాంశు రాయ్ పిలుపుపై ఆయన బొంబాయి చేరి చలనచిత్రములకు కథలు, కథాక్రమములు వ్రాయసాగెను. 'భాభీ', 'దుర్గా', 'కంగన్', 'నవజీవన్' మొదలగు చిత్రములలో ఆయన చేయి కలదు. 1941లో ఆ సంస్థను విడిచినను సినిమా పనిని 1952 వరకు విడువలేదు.

పదునైదేండ్లు బ్యోమకేశుడు మౌనముగా నుండెను. ఒక మారు శరదిందు కలకత్తాకు వచ్చినప్పుడు మిత్రుడగు రచయిత పరిమళ గోస్వామి ఇంటి పిల్లలు, బ్యోమకేశుని కథలు మరల ఏల వ్రాయవని ఆయనను నిలదీసిరి. తాను మరచినదని తలచిన పాత్రను కొత్త తరము మరువలేదని అప్పుడు తెలిసినది. 1951 చివర 'చిత్రచోర్' వ్రాసెను. 1952లో సినిమాను విడిచి పూనాలో కాపురము పెట్టి, మిగిలిన పదునెనిమిది యేండ్లు రచనకే అర్పించెను. మొదటి విడత పది కథలు, రెండవ విడత ఇరువదిరెండు, వెరసి 32 పూర్తి కథలు. ముప్పదిమూడవది సగమున నిలిచినది.

ఈ రెండవ విడతలోనే శరదిందు ప్రతిభ పండినది. మొదటి కథలలో చిక్కుముడికి ప్రాధాన్యము; తరువాతి కథలలో ముడి వేసిన మనస్సునకు ప్రాధాన్యము. 1955 నాటి 'ఆదిమ రిపు' 1946 కలకత్తా మారణకాండ నీడలో మొదలై 1947 ఆగస్టు నాటి స్వాతంత్ర్య ఘడియలతో ముగియును. నగరమంతయు వేడుకలలో నుండగా బ్యోమకేశుడు అక్రమముగా కూడబెట్టిన నోట్ల కట్టలను నిప్పులపాలు చేయును. దేశము కొత్త పుట తిప్పునాడు పాత పాపపు ధనము ఎవరి చేతిలోనికి పోవలెనన్న ప్రశ్నకు అది అతని సమాధానము. 'అమృతేర్ మృత్యు' కథలో యుద్ధకాలమున విదేశీ సైనికులు విడిచిపోయిన ఆయుధములు ఒక పల్లెను పీడించును. తన పరిశోధక కథలను సాంఘిక కథలుగా కూడ చదువవచ్చునని శరదిందు అనుచుండెడివాడు. ఆ మాట వట్టి ఆత్మస్తుతి కాదు. హంతకుడెవరో తెలిసినపిదప గూడ ఈ కథలు రెండవమారు చదువబడుచున్నవి. చిక్కుముడి మాత్రమే ఉన్న కథకు ఆ భాగ్యము కలుగదు.

ప్రవాసము ఈ కథలకు ఏమి చేసినది? ఒక విధముగా భూగోళమును పెంచినది. 'వహ్ని పతంగ' పట్నాలో జరుగును. అందులో శకుంతలా దుష్యంతుల చిత్రపటమే పరిశోధకునకు కీలకమైన ఆధారమగును. 'శైల రహస్య' మహాబళేశ్వరపు కొండమీది హోటలులో జరుగును. పూనా కాపురము లేనిదే ఆ కథ పుట్టియుండదు. మరియొక విధముగా అది కలకత్తాను నిర్మలముగా నిలిపినది. ఆ నగరముననే నిత్యము మసలువాడు దాని మార్పులలో కొట్టుకొనిపోవును. దూరముననున్నవాడు జ్ఞాపకమునే ఆధారము చేసికొనవలెను. ఏ వీథి ఏ వీథిలో కలియును, ఏ వేళ పాలవాడు వచ్చును, మెస్సులో ఎవడు ఎవనితో మాటలాడడు అను వివరములను మనస్సులో మాటిమాటికి సరిచూచుకొనవలెను. అపరాధ పరిశోధక కథకు కావలసినది అట్టి సరిచూపే. చిన్న వివరము తప్పినచో కథ యంతయు కూలును. ప్రవాసికి సహజమైన బెంగ ఈ విధముగా రచయితకు క్రమశిక్షణయైనది.

భాష విషయమున కూడ ఆయన ప్రయాణము తెలుగువారికి ఆసక్తి కలిగించును. తొలి కథలు మన గ్రాంథికమునకు సాటియైన సాధుభాషలోను, చివరి కథలు వ్యావహారికమునకు సాటియైన చలిత భాషలోను నడచినవి. ఒకే నాయకుడు, ఒకే రచయిత రెండు భాషారూపములను దాటి వచ్చుట అరుదు. ఏ రూపమునందైనను వాక్యము పొదుపుగానే యుండును. శీర్షికలలో మాత్రము సంస్కృత సాహిత్యముపై ఆయనకున్న ప్రీతి దాగదు. భట్టనారాయణుని నాటకమును తలపించు 'వేణీ సంహార్', మాఘ కావ్యమునకు మాట మార్చిన 'విశుపాల వధ' ఇందుకు సాక్ష్యములు. మహాకావ్యముల పేర్లను నేరకథల తలపై పెట్టుటలో హాస్యమున్నది. ఈ రచన ఆ కావ్యముల వాకిట నిలువదగినదే అను ధీమాయు నున్నది.

ఆ ధీమాకు ఆధారము ఆయన చారిత్రక నవలలు. 'కాలేర్ మందిరా', 'గౌడ మల్లార్', 'తుమి సంధ్యార్ మేఘ్' అను వానితరువాత 1965లో వెలువడిన 'తుంగభద్రార్ తీరే' తెలుగువారికి మిక్కిలి దగ్గరిది. ఇందలి కథ రెండవ దేవరాయల నాటి విజయనగరమున జరుగును. రాయలను వివాహమాడుటకై కళింగ రాజకుమార్తె చెల్లెలితోకూడ నౌకలలో బయలుదేరి, సముద్రమునుండి కృష్ణానదిలో ప్రవేశించి, ఎదురేగి తుంగభద్రను చేరును. అనగా ఆ నౌకలు తెలుగునేల నడుమనుండియే పోవుచున్నవి. మదరాసు సివిల్ సర్వీసు ఉద్యోగియైన రాబర్ట్ సూయల్ 1900లో ప్రకటించిన విజయనగర చరిత్ర ఈ నవలకు ముఖ్యాధారము. ఈ దేవరాయలే మన ప్రౌఢదేవరాయలు. ఆయన కొలువున గౌడ డిండిమభట్టును గెలిచి శ్రీనాథుడు కనకాభిషేకము పొందినాడని తెలుగువారి ప్రతీతి. పూనాలో నివసించు బంగాళీ రచయిత ఒక ఆంగ్ల ఉద్యోగి గ్రంథము చదివి కన్నడ, తెలుగు దేశముల చరిత్రను తన భాషలోనికి తెచ్చుకొనెను. ఆ నవలకు 1967లో రవీంద్ర పురస్కారము లభించినది. ప్రవాసమనిన స్వభాషను కాపాడుకొనుట మాత్రమే కాదు, ఇతరుల నదులను కూడ ఆ భాషలో ప్రవహింపజేయుట అని ఈ నవల చెప్పుచున్నది.

అదే 1967లో సత్యజిత్ రాయ్ 'చిడియాఖానా' కథను ఉత్తమకుమార్ నాయకుడుగా చలనచిత్రముగా తీసెను. అప్పటికి బ్యోమకేశుడు అజిత్‌తో కలిసి పుస్తక ప్రచురణ వ్యాపారమున నుండెను. 1968 నాటి 'వేణీ సంహార్' వచ్చునప్పటికి అజిత్ కథలు చెప్పుట కూడ మానినాడు. వ్యాపారమున అతనికి తీరిక లేదని సాకు చెప్పి రచయితయే కలము చేతబట్టెను. పాత్రలు రచయితతో పాటు ముదిసినవి, కొడుకును పెంచినవి, సొంత యిల్లు కట్టుకొనసాగినవి. బ్యోమకేశునిలో తన స్వరూపమే కొంత కలదని శరదిందు ఒప్పుకొనియుండెను. జీవితమంత కాలము పరప్రాంతములలో నున్న రచయిత తాను కాపురముండని కలకత్తాలో తన పాత్రకు స్థిరనివాసము కల్పించినాడు.

1970 సెప్టెంబరు 22వ తేదీన శరదిందు కన్నుమూసెను. 'విశుపాల వధ' అసంపూర్ణముగా మిగిలినది. నాటకశాలలో ఒక మరణము జరిగినది. హంతకుని పేరు చెప్పవలసినవాడు చెప్పకయే వెడలిపోయినాడు. 1993లో బాసు చటర్జీ దర్శకత్వమున దూరదర్శనము ఈ కథలను హిందీలో ప్రసారము చేసినప్పుడు బ్యోమకేశుడు దేశమంతటి ఇండ్లలోనికి వచ్చెను. రజిత్ కపూర్ ధరించిన ఆ పాత్రను చూచి తెలుగు కుటుంబములు కూడ వారము వారము ఎదురుచూచెడివి. ప్రవాసి బంగాళీ గదిలో పుట్టిన సత్యాన్వేషి ఆ విధముగా ఇతర భాషలవారి గదులలో అతిథియైనాడు.

శరదిందు మాతృభాషకై ఉద్యమములు నడపలేదు, ప్రవాస దుఃఖమును గూర్చి ప్రసంగములు చేయలేదు. ఆయన ముంగేరులోను, బొంబాయిలోను, పూనాలోను బల్లముందు కూర్చుండి తన భాషలో వాక్యము తరువాత వాక్యము సరిగా వ్రాసినాడు. ప్రతి వివరమును సాక్షివలె పరీక్షించి గాని పుటపై నిలువనీయలేదు. పుట్టిన నేలకు దూరముగా, పగలంతయు పరభాషలో పనిచేసి సాయంకాలమునకు ఇల్లు చేరువారు నేడు ఈ దేశమున లక్షలు. వారి బల్లపై స్వభాషలోని పుస్తకము తెరచియున్నంతవరకు, వారి పిల్లలు ఆ పుస్తకములోని మనుష్యులు తరువాత ఏమైరని అడుగుచున్నంతవరకు, దూరము ఆ భాషను ఓడింపలేదు. పదునైదేండ్ల మౌనమును చెదరగొట్టి ఇరువదిరెండు కథలను పుట్టించినది పిల్లల ప్రశ్నయే కదా!